లండన్ శాకాహారుల సంఘంలో ఒక ఓటమి

లండన్ వచ్చిన కొత్తలో గాంధీకి శాకాహారం ఇష్టంతో పట్టుకున్నది కాదు, అమ్మకిచ్చిన మాట కోసం పట్టుకున్నది. మనవాళ్లంతా మాంసం తింటే తప్ప బాగుపడరనే అప్పటికి అతని నమ్మకం. చప్పిడి కూరలతో అర్ధాకలిగా తిరుగుతూ ఒకరోజు ఫారింగ్‌డన్ వీధిలో శాకాహార హోటలు పట్టుకున్నాడు. తలుపు దగ్గర అద్దాల వెనక అమ్మకానికి పుస్తకాలు. శాకాహారాన్ని సమర్థిస్తూ హెన్రీ సాల్ట్ రాసినదాన్ని షిల్లింగు పెట్టి కొని, తిన్నగా భోజనాల గదిలోకి నడిచాడు. ఇంగ్లండులో కాలుపెట్టాక కడుపారా తిన్నది ఆ పూటే. పుస్తకం పూర్తయ్యేసరికి అమ్మకిచ్చిన మాట తన సొంత మతమైంది.

ఇంగ్లండులో శాకాహారుల సంఘం 1847లోనే రామ్స్‌గేట్‌లో పుట్టింది. లండన్ వాళ్లు 1888లో వేరే కుంపటి పెట్టుకున్నారు. సాల్ట్ లాంటి సోషలిస్టులు, నిష్ఠగల క్రైస్తవులు, ప్రకృతి వైద్యులు ఒకే బల్ల చుట్టూ చేరారు. కంచం దగ్గర తప్ప ఇంకెక్కడా పొత్తు కుదరని మనుషులు!

ఆ గుట్టు 1891లో రట్టయింది. సంఘాధ్యక్షుడు ఆర్నాల్డ్ హిల్స్ థేమ్స్ ఐరన్‌వర్క్స్ అధిపతి. సంఘం బతికేది ఆయన డబ్బుతోనే. కోడిపిల్లను చంపడానికి ఒప్పుకోని ఈ పెద్దమనిషి కంపెనీ యుద్ధనౌకలు కట్టేది, అది వేరే సంగతి. పొట్టు తీయని గోధుమపిండి రొట్టెను ప్రచారం చేసిన డాక్టర్ థామస్ ఆలిన్సన్ కమిటీ సభ్యుడు. కూలి జనానికి సంతాన నిరోధ పద్ధతులు బోధిస్తున్నాడని ఆయన్ను వెళ్లగొట్టాలన్నాడు హిల్స్.

అప్పటికి కమిటీలో ఉన్న గాంధీకీ ఆ పద్ధతులు గిట్టవు. హిల్స్ అంటే గౌరవం కూడా. అయినా, సంఘం పెట్టింది శాకాహారం కోసం, నీతినియమాలకు పరీక్ష పెట్టడానికి కాదు కదా అని ఆలిన్సన్ పక్షాన నిలిచాడు. తన వాదన కాగితం మీద రాసుకెళ్లాడు. తీరా సభలో నోరు పెగల్లేదు. దాన్ని ఇంకొకరు చదివిపెట్టారు. ఆలిన్సన్ ఓడిపోయాడు. మరుసటి ఏడాది వైద్యుల జాబితాలోంచీ ఆయన పేరు కొట్టేశారు. పిండి పొట్లాల మీద మాత్రం ఆ పేరు నిలిచింది.

1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీని లండన్ శాకాహారులు మళ్లీ పిలిచారు. పక్కనే ముసలి సాల్ట్. ఈసారి నోరు పెగలకపోవడం అన్న మాటే లేదు. ఆరోగ్యం కోసం మాంసం మానినవాళ్లు ఎక్కువమంది మళ్లీ పాత దారి పట్టారనీ, శాకాహారం నిలవాలంటే పునాది నీతేననీ చెప్పాడు. మాంసాహారుల పట్ల ఓర్పు ఉండాలని కూడా కలిపాడు. హిల్స్ అప్పటికి లేడు. ఉంటే, మొదటి మాటకు చప్పట్లు కొట్టేవాడేమో.