నూకల లెక్క: ఇథనాల్ నిపుణుల నివేదికను హుజూర్‌నగర్ ఆయకట్టు నుంచి చదివితే

నిపుణుల సంఘాలు ప్రభుత్వానికి ఏం చేస్తాయన్న చర్చ వస్తే నేను కూర్చున్న ప్రతి సెమినార్లోనూ రోజర్ పీల్కీ పేరు వినిపించింది. 2007లో వచ్చిన 'ది ఆనెస్ట్ బ్రోకర్'లో ఆయన నిపుణుడికి నాలుగు వేషాలు కట్టాడు. ఒకడు లోకం పట్టని శాస్త్రజ్ఞుడు, ఒకడు అడిగిన సందేహం తీర్చి పక్కకు తప్పుకునేవాడు, ఒకడు ఒక పక్షానికి వకాల్తా పుచ్చుకున్నవాడు. నాలుగోవాడు ఉన్న దారులన్నీ పాలకుడి ముందు పరిచి ఎంపికను అతనికే వదిలే నిజాయితీపరుడు. మన పరిశోధకులు ఈ నాలుగు గళ్ళు తెచ్చి, ప్రతి కమిటీనీ ఏదో ఒక గడిలో కూర్చోబెట్టి, పని అయిపోయిందనుకుంటున్నారు. షీలా జాసనాఫ్ అంతకు పదిహేడేళ్ళ ముందే సలహాదారులను ప్రభుత్వంలో అయిదో అంగంగా చూపించినా ఆ దారిన నడిచినవారు తక్కువ. నా తగాదా మాత్రం పీల్కీతోనే. ఆయన నిపుణుడు ఏం చెప్పాడని చూస్తాడు. ఏ కొలతలో చెప్పాడని చూడడు.

ఈ అనుమానం నాకు గ్రంథాలయంలో పుట్టలేదు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ మిల్లుల్లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ వడ్ల గురించి మాట్లాడుతుంటే నూకల ధర దగ్గర సంభాషణ ప్రతిసారీ ఇథనాల్ వైపు మళ్ళేది. కోళ్ళ మేత వాళ్ళు ఎంతకు అడుగుతున్నారు, ఇథనాల్ వాళ్ళు ఎంతకు అడుగుతున్నారు అన్న రెండు ప్రశ్నల మధ్యే ధర తేలుతుంది. పెట్రోలు విధానం మీద రాసిన ఏ వ్యాసంలోనూ మిల్లు కనిపించదు. మిల్లులో మాత్రం పెట్రోలు విధానం కనిపిస్తోంది.

నివేదిక, దాని తర్వాత

2018 జీవ ఇంధన విధానం పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపడానికి 2030ని గడువుగా పెట్టింది. దాన్ని 2025కు జరిపినప్పుడు దారి చూపే పని నీతి ఆయోగ్ అదనపు కార్యదర్శి రాకేశ్ సర్వాల్ అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీకి దక్కింది. పేరుకు నిపుణుల కమిటీ, స్వభావానికి కేంద్ర మంత్రిత్వ శాఖల ఉమ్మడి కమిటీ. 2021 జూన్ 5న ప్రధాని విడుదల చేసిన ఆ నివేదికలో రెండు రకాల మాటలున్నాయి.

మొదటి రకం సిఫారసులు. పాత బండ్ల కోసం 10 శాతం ఇథనాల్ పెట్రోలును రక్షణ ఇంధనంగా బంకుల్లో కొనసాగించాలన్నది అందులో ముఖ్యమైనది. ఎందుకో కూడా నివేదికే చెప్పింది: శుద్ధ పెట్రోలుకు తయారై 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో 20 శాతం మిశ్రమం పోస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చు. రెండో రకం పట్టికలు. 2025–26కు 1016 కోట్ల లీటర్ల ఇథనాల్ కావాలి, అందులో 550 కోట్లు చెరకు వైపు నుంచి, 466 కోట్లు ధాన్యం నుంచి రావాలి. దానికి ఏడాదికి 165 లక్షల టన్నుల ధాన్యం, టన్ను భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యానికి 450 నుంచి 480 లీటర్ల దిగుబడి.

నాలుగేళ్ళు గడిచాక ఏది బతికింది? 20 శాతం మిశ్రమమే బంకుల్లో మామూలు పెట్రోలయింది. ఇథనాల్ కలపని పెట్రోలును కూడా అమ్మాలని వేసిన ప్రజా ప్రయోజన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. సిఫారసు పోయింది, పట్టిక మిగిలింది. పీల్కీ గళ్ళలో ఈ కమిటీకి చోటు లేదు. దారులన్నీ పరిచిందనడానికి లేదు, గడువు ముందే ఖాయమైంది. వకాల్తా పుచ్చుకుందనడానికీ లేదు, తన ముఖ్య సిఫారసునే నిలబెట్టుకోలేకపోయింది. అయినా దాని అంకెలు బియ్యం కేటాయింపుల్లోకి నడిచి వెళ్ళాయి. సలహా ఓడినా కొలత గెలిచిన చోట నిపుణుడి అధికారం ఎక్కడుందో చెప్పే పనిముట్టు ఆయన దగ్గర లేదు.

నూక పాడైన గింజా?

2018 విధానం ఇథనాల్‌కు అనుమతించిన జాబితాలో నూకలు మనుషులు తినడానికి పనికిరాని, పాడైన ధాన్యాల సరసన ఉన్నాయి. నీతి ఆయోగ్ లెక్కలూ ఆ వర్గీకరణ మీదే నడిచాయి. సాగర్ ఆయకట్టులో ఈ వర్గీకరణ నిలవదు.

యాసంగి వడ్లు పాలుపోసుకుని గట్టిపడే రోజులకు ఎండ ముదురుతుంది. గింజలో పగుళ్ళు పడతాయి. అలాంటి వడ్లను పచ్చివిగా మరపడితే విరుగుతాయి గనుక ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేయడం ఇక్కడి మిల్లుల పాత పద్ధతి. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఎఫ్‌సీఐకి లెక్క అప్పజెప్పాలి. పచ్చి బియ్యంలో 25 శాతం వరకు, ఉప్పుడులో 16 శాతం వరకు నూకలకు మన్నింపు. అంటే నూక ప్రమాదవశాత్తు పాడైన గింజ కాదు. కాలువ ఎప్పుడు వదిలారు, నాట్లు ఎప్పుడు పడ్డాయి, కోత ఏ ఎండలో సాగింది అన్న మూడింటి ఫలితం. నీటిపారుదల క్యాలెండరే గింజను విరుస్తోంది.

2021–22లో కేంద్రం ఉప్పుడు బియ్యం ఇక తీసుకోనంది. తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీలో ధర్నాకు కూర్చునే దాకా వెళ్ళింది ఆ గొడవ. దాన్ని అందరూ కేంద్ర రాష్ట్రాల రాజకీయంగానే చదివారు. ఉప్పుడు వద్దంటే పచ్చి మరపట్టాలి, పచ్చి మరపడితే నూకలు పెరగాలి. మిల్లు వాకిట్లో అప్పుడు రైతుకూ మిల్లరుకూ సమస్యగా కనిపించిన నూక, ఢిల్లీ పట్టికలో అప్పటికే ముడిసరుకు. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపేసినప్పుడు కేంద్రం చెప్పిన కారణాల్లో కోళ్ళ మేతతో పాటు ఇథనాల్ కూడా ఉంది. ఆ తర్వాత ఎఫ్‌సీఐకి ఇచ్చే బియ్యంలో నూకల వాటాను 25 నుంచి 10 శాతానికి దించి, వేరుచేసిన నూకలను విడిగా అమ్మే ప్రయోగం మొదలైంది. విడిగా అమ్మాలంటే విడిగా తూచాలి, విడిగా గోదాములో పెట్టాలి. పాడైన సరుకుకు ఎవరూ ఇంత మర్యాద చేయరు. ఇది ఇంధన మౌలిక సదుపాయం. పేరే మిల్లు.

నూకల వెనకే అసలు బియ్యమూ వచ్చింది. 2020 ఏప్రిల్లో జాతీయ జీవ ఇంధన సమన్వయ సంఘం ఎఫ్‌సీఐ మిగులు బియ్యాన్ని ఇథనాల్‌కు మళ్ళించడానికి ఒప్పుకుంది. 2024–25 సరఫరా సంవత్సరానికి కేటాయింపు 52 లక్షల టన్నులకు చేరింది, ధర క్వింటాలుకు 2,250 రూపాయలు. నివేదికలోని దిగుబడితో గుణిస్తే అది 234 నుంచి 250 కోట్ల లీటర్లు, ధాన్యం పద్దు కింద రాసిన 466 కోట్లలో సగం. 2023 జూలైలో ఎఫ్‌సీఐ బియ్యం సరఫరా కొంతకాలం ఆగిందన్నది నిజమే, కాని ఆ లోటును మొక్కజొన్నతో పూడ్చారే తప్ప లక్ష్యాన్ని తగ్గించలేదు.

గొట్టంలో రానిది

మౌలిక సదుపాయం అనగానే నిపుణులు ట్యాంకులు, బంకులు, వాహనాల విడిభాగాల గురించి మాట్లాడతారు. హెచ్‌పీసీఎల్ పైప్‌లైన్ విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ పోతూ దారిలో సూర్యాపేట టెర్మినల్‌కు పెట్రోలు దింపుతుంది. ఇథనాల్ మాత్రం నీటిని పీల్చుకుంటుంది గనుక ఆ గొట్టంలో రాదు. రోడ్డు మీద ట్యాంకర్లలో వచ్చి డిపోలో కలుస్తుంది. పెట్రోలుకు సముద్రపు ఒడ్డు నుంచి ఇనుప గొట్టం ఉంటే, ఇథనాల్‌కు ఉన్నది కాలువ, పొలం, మిల్లు, లారీ. ఈ నాలుగింటి ఖర్చూ ఇంధన పద్దులో పడదు, వ్యవసాయ పద్దులో పడుతుంది. చెరకు దారిలో లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీళ్ళని కమిటీయే లెక్క కట్టింది. ఆ చింత చెరకు దగ్గర ఆగకపోతే ఎడమ కాలువ నీళ్ళూ ఇంధన చర్చలోకి రావలసినవే.

విద్యుత్ వాహనాల వైపు చూసినా కొలతదే పెత్తనం. 2018 డిసెంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు రహదారుల మీద ప్రతి 25 కిలోమీటర్లకు రెండు వైపులా ఛార్జింగ్ స్టేషన్ ఉండాలన్నాయి. తొలి దశను 40 లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకూ వాటిని కలిపే రహదారులకూ, రెండో దశను రాష్ట్ర రాజధానులకూ ఇచ్చాయి. హైదరాబాద్–విజయవాడ రహదారి మీదున్న సూర్యాపేట, కోదాడ ఆ లెక్కలో దారి మధ్య ఊళ్ళుగా పడ్డాయి. 167వ నంబరు జాతీయ రహదారి మీదున్న హుజూర్‌నగర్, మిర్యాలగూడలకు ఏ దశలోనూ వరుస రాలేదు. ఇథనాల్ పట్టికకు ముందుగా కావలసి వచ్చిన ఊళ్ళే ఛార్జింగ్ పట్టికకు ఆఖరున కూడా గుర్తు రాలేదు.

ఐరోపా సంఘం భవిష్యత్ రవాణా ఇంధనాల నిపుణుల బృందం 2011లో నివేదికలిస్తే 2014లో మౌలిక సదుపాయాల ఆదేశం వచ్చింది. అక్కడా పరిశ్రమ సంఘాలదే పెద్ద గొంతు. తేడా ఏమంటే అక్కడి పోట్లాట ఏ ఇంధనానికి ఎన్ని కిలోమీటర్లకొక కేంద్రమన్న దూరాల మీద సాగింది. మన దగ్గర దూరాల కంటే టన్నులు ముఖ్యమయ్యాయి, టన్నులు రైతు దగ్గర మొదలవుతాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద జనం తిరగబడితే కాలుష్యం మాటే బయటికి వచ్చింది. లోపల ఉన్నది ఈ కొలతను ఎవరు నిర్ణయించారన్న ప్రశ్నేనని నా వాదన.

2025 ఉగాది నాడు, మార్చి 30న, రేషన్ కార్డులకు సన్నబియ్యం పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హుజూర్‌నగర్‌లోనే ప్రారంభించారు. ఈ నియోజకవర్గ శాసనసభ్యుడు ఉత్తమ్ కుమార్ రెడ్డి చేతిలో నీటిపారుదల, పౌర సరఫరాలు రెండూ ఉన్నాయి. సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ అంతకుముందు వానాకాలం నుంచే అమల్లో ఉంది. రాష్ట్రంలో రేషన్ దుకాణం దొడ్డు బియ్యాన్ని వదిలేశాక దానికి మిగిలే పెద్ద గిరాకీ ఎఫ్‌సీఐ నిల్వలదీ, ఆ నిల్వల నుంచి బయటికి పోయే ఇథనాల్‌దీ. యాసంగిలో గరిడేపల్లి రైతు దొడ్డు వేయాలా సన్నం వేయాలా అన్నది ఇకపై బోనస్ ఎంతన్న దాని కంటే 20 శాతం దాటాక ధాన్యం వాటాను ఎంతని రాస్తారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ అంకె రాసే బల్ల దగ్గర పౌర సరఫరాల శాఖకూ కాలువ ఇంజినీరుకూ కుర్చీ వేయమని రాష్ట్రం ఇప్పుడే అడగాలి. ముసాయిదా పట్టిక బయటికి వచ్చాక ఇచ్చే వినతిపత్రం 10 శాతం మిశ్రమం సిఫారసు వెళ్ళిన చోటికే వెళుతుంది.