బియ్యము, రబ్బరు, బ్యాంకు

దేశాధినేతలు ఒకచోట సమావేశమైరనియు, పరస్పర సహకారమును గూర్చి ఉపన్యసించిరనియు వార్తలలో వినుట మనకు పరిపాటి. వినిన పిమ్మట మనలో చాలమందికి తోచు ప్రశ్న ఒక్కటే: ఈ మాటలవలన ఎవరి ఇంట పొయ్యి వెలిగినది? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పరుల పెత్తనము నుండి బయటపడి తమ కాళ్ళపై తాము నిలువగోరిన దేశముల డెబ్బది సంవత్సరముల చరిత్రను ఈ ప్రశ్నతోనే పరిశీలింతము.

మొదట సింహళమునకు, అనగా నేటి శ్రీలంకకు, పోవుదము. 1952లో ఆ ద్వీపమునకు రెండు కష్టములు ఒక్కమారు వచ్చిపడినవి. ప్రజలకు చాలినంత వరి అచట పండదు; కొరియా యుద్ధకాలమున బియ్యము కరవై ధర మండిపోవుచుండెను. తాను అమ్ముకొను రబ్బరు ధర మాత్రము పడిపోయినది. చైనాకు రబ్బరు కావలెను. కాని యుద్ధమునకు ఉపకరించు వస్తువులను ఆ దేశమునకు అమ్మరాదని ఐక్యరాజ్య సమితి 1951లో తీర్మానించి యుండెను. సింహళము అప్పటికి సమితిలో సభ్యురాలు కాదు. 1952 డిసెంబరులో ఆ రెండు దేశములును ఐదేండ్ల ఒప్పందము చేసికొనినవి. ఏటేట చైనా 2,70,000 టన్నుల బియ్యమును, సింహళము 50,000 టన్నుల రబ్బరును పంపవలెను. రబ్బరునకు మార్కెట్టు ధరకంటె హెచ్చుగా ఇచ్చుటకు చైనా ఒప్పుకొనెను. అమెరికా ఆగ్రహించి సింహళమునకు సహాయము నిరాకరించెను. అయినను ఒప్పందము చెడలేదు. గడువు తీరిన పిమ్మట పలుమారులు పొడిగింపబడినది.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. నాటి సింహళ ప్రభుత్వము కమ్యూనిజమునకు విరోధి. ఆ రెండు దేశముల నడుమ దౌత్య సంబంధములు 1957 వరకు ఏర్పడనేలేదు. అభిప్రాయములు కలియకున్నను అవసరములు కలిసినవి. ఆ అవసరములు టన్నులలోను, ధరలలోను, సంవత్సరములలోను వ్రాతకెక్కినవి. అంతమాత్రమున సింహళీయుల కష్టము తీరినదని చెప్పరాదు. 1953లో ప్రభుత్వము రేషను బియ్యపు ధరను పెంచగా ఆగస్టు నెలలో దేశమంతట హర్తాళు చెలరేగినది. అక్టోబరులో ప్రధాని డడ్లీ సేనానాయక రాజీనామా చేసెను. ఓడలో వచ్చిన బియ్యపు ధర వేరు, ఇల్లాలు చెల్లించు ధర వేరు. రాజ్యముల ఒప్పందము మొదటిదానిని మాత్రమే నిర్ణయింపగలదు.

అటుపిమ్మట బాండుంగ్ మహాసభ. 1955 ఏప్రిల్ 18 నుండి 24 వరకు ఇండోనేషియాలోని ఆ నగరమున 29 ఆసియా, ఆఫ్రికా దేశములు సమావేశమైనవి. సుకర్ణో, నెహ్రూ, చౌ ఎన్ లై, నాసర్ అచటికి వచ్చిరి. ఆ సభ పేరు చెప్పగనే మనకు స్ఫురించునది శాంతి సూత్రములు. కాని తుది ప్రకటనలో మొదటి ప్రకరణము ఆర్థిక సహకారమును గూర్చినది. ముడిసరకుల ధరలు స్థిరపడవలెననియు, వీలైనచోట ముడిసరకును వస్తువుగా మార్చి ఎగుమతి చేయవలెననియు, ఓడ కిరాయిలను గూర్చి కలిసి ఆలోచింపవలెననియు, జాతీయ, ప్రాంతీయ బ్యాంకులను, బీమా సంస్థలను ప్రోత్సహింపవలెననియు అందు కలదు. దూరదృష్టి గల మాటలే! అయితే ఆ సభకు శాశ్వత కార్యాలయము లేదు, ఖజానా లేదు. కావలసినదేమో తెలిసినది, చేయువారెవరో తేలలేదు.

1964లో జెనీవాలో ఐక్యరాజ్య సమితి వాణిజ్యాభివృద్ధి మహాసభ జరిగినపుడు 77 వర్ధమాన దేశములు ఒక కూటమిగా ఏర్పడినవి. వాటి గొంతు బలపడినది. కాని 1944లో బ్రెట్టన్ వుడ్స్‌లో రూపొందిన ప్రపంచ బ్యాంకులోను, అంతర్జాతీయ ద్రవ్యనిధిలోను వాటాను బట్టియే ఓటు. అధిక ధనము గలవారిదే అధికారము.

ఈ శతాబ్దమున పరిస్థితి మారినది. 2008లో ధనిక దేశములలో పుట్టిన ఆర్థిక సంక్షోభము లోకమును కుదిపినది. మరుసటి సంవత్సరము జూన్‌లో బ్రెజిల్, రష్యా, భారత్, చైనా నాయకులు రష్యాలోని యెకటెరిన్‌బర్గ్‌లో తొలి శిఖరాగ్ర సభ జరిపిరి. 2011లో దక్షిణాఫ్రికా చేరినది. ద్రవ్యనిధిలో వర్ధమాన దేశముల వాటాను పెంచుటకు 2010లో కుదిరిన సంస్కరణ, అమెరికా కాంగ్రెసు ఆమోదము ఆలస్యమగుటచే 2016 జనవరి వరకు అమలు కాలేదు. ఆ నిరీక్షణ కాలముననే, 2014 జులైలో, ఐదు దేశములును బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో నూతన అభివృద్ధి బ్యాంకు స్థాపనకు సంతకములు చేసినవి. బ్యాంకు నెలవు షాంఘై. తొలి అధ్యక్షుడు భారతీయుడైన కె.వి. కామత్. ఆరంభమున ఒక్కొక్క దేశము తీసికొనిన మూలధనపు వాటా 1,000 కోట్ల డాలర్లు. వాటా సమానము గనుక ఓటును సమానము. బాండుంగ్‌లో పలికిన మాటకు ఇచట ఖజానా దొరికినది.

అయినను ఈ సమత్వమును అతిగా పొగడుట తగదు. అదే సభలో ఏర్పడిన 10,000 కోట్ల డాలర్ల అత్యవసర నిధిలో చైనా వంతు 4,100 కోట్లు, దక్షిణాఫ్రికా వంతు 500 కోట్లు. అంతేకాదు, ఒక దేశము ఆ నిధినుండి తనకు రాదగిన మొత్తములో 30 శాతము మాత్రమే స్వేచ్ఛగా పొందగలుగునట్లును, మిగిలినది ద్రవ్యనిధి కార్యక్రమముతో ముడిపడునట్లును నిబంధన వ్రాసికొనిరి. క్రొత్త ఇల్లు కట్టుకొనినను పాత ఇంటి గోడను ఇంకను ఆనుకొనియే నిలిచిరన్నమాట.

ఇక మన ఇంటి సంగతి. 2020 జూన్‌లో గాల్వాన్ లోయలో చైనా సైన్యముతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అసువులు బాసిరి. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు వారిలో ఒకరు. మరుసటి సంవత్సరమే, 2021లో, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర రహదారులను, జిల్లా రోడ్లను బాగుచేయుటకై 64.6 కోట్ల డాలర్ల ఋణమునకు ఈ బ్యాంకుతో ఒప్పందములు జరిగినవి. ఇది కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. మాకట్లు తోచదు. ఆ ఖజానా ఏ ఒక్క దేశపు సొత్తు కాదు. అందు మనకును సమానమైన ఓటు కలదు. సరిహద్దున జరిగినదానిని ఆ ఋణము మరపింపజాలదు. మరపింపవలసిన పనియు లేదు. నిబంధనపై నిలిచిన సంస్థ స్నేహము సన్నగిల్లిన నాడును పని చేయుననుటకు ఇది నిదర్శనము. అయితే ఇది దానము కాదు, తీర్చవలసిన అప్పు. రోడ్డు చక్కగా పడినదా లేదా అని చూచుకొనవలసినది మనమే.

బాండుంగ్ సభకు ఆతిథ్యమిచ్చిన ఇండోనేషియా 2025 జనవరిలో ఈ కూటమిలో చేరినది. ఏప్రిల్ వచ్చుసరికి ఆ సభకు డెబ్బది ఏండ్లు నిండినవి. ఇకముందు అట్టి సమావేశములను గూర్చిన వార్త వినినపుడు ఉపన్యాసములతో తృప్తిపడక మరి రెండు సంగతులు విచారింతము: ధరను నిర్ణయించునది ఎవరు? ఓటు ఎవరికి ఎంత? ఆ రెంటికి వ్రాతమూలకమైన సమాధానమున్నచో, పొయ్యి వెలుగుటకు కొంతయైనను ఆశ కలదని మా విశ్వాసము.