ఉద్యోగం మానేసి సొంతంగా కాంట్రాక్టు పనులు చేద్దామనుకుంటున్నారా? రాజీనామాకు ముందు ఈ లెక్క చూసుకోండి

ఏసీ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, లిఫ్ట్ టెక్నీషియన్లు కొన్నేళ్లు కంపెనీలో పనిచేశాక చాలామందికి ఒకే ఆలోచన వస్తుంది. "కస్టమర్ దగ్గర కంపెనీ వేలల్లో తీసుకుంటోంది, నాకు ఇచ్చేది ఎంత? నేనే సొంతంగా చేసుకుంటే పోలా?" ఆలోచనలో తప్పు లేదు. సొంతంగా నిలబడి పదిమందికి పని ఇస్తున్నవాళ్లు ప్రతి బస్తీలో కనిపిస్తారు. ఆరు నెలలకే మళ్లీ ఉద్యోగం వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు. తేడా ఎక్కువగా పనితనంలో ఉండదు, ముందు వేసుకున్న లెక్కలో ఉంటుంది. హైదరాబాద్‌లో పనిచేసే ఒక ఏసీ మెకానిక్‌ను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

మే నెల సంపాదన చూసి నిర్ణయించకండి

ఏసీ పని మార్చి నుంచి జూన్ వరకు జోరుగా ఉంటుంది. ఫోన్ ఆగదు, సెలవు రోజు బయట చేసిన పనులకే వారం జీతమంత వస్తుంది. చాలామంది రాజీనామా రాసేది అప్పుడే. అసలు పరీక్ష నవంబర్‌లో ఉంటుంది. చలికాలంలో సర్వీసింగ్ కాల్స్ తగ్గిపోతాయి, కానీ ఇంటి అద్దె, పిల్లల ఫీజు తగ్గవు. కాబట్టి ఏడాది మొత్తం సంపాదనను 12తో భాగించి చూడాలి.

రోజుకు ఎంత రావాలి?

చేతికి వచ్చే జీతం 30,000, అందులో మూల వేతనం 15,000 అనుకుందాం. 26 పని దినాలకు రోజుకు సుమారు 1,150 రూపాయలు పడుతుంది. "బయట రోజుకు 1,500 వస్తుంది, లాభమే కదా" అనిపిస్తుంది. కానీ జీతంతో పాటు కంపెనీ పెట్టే ఖర్చు కూడా కలపాలి.

- పీఎఫ్‌లో కంపెనీ వాటా 12 శాతం: నెలకు 1,800
- జీతంలో కోత పడి మీ పేరున జమయ్యే పీఎఫ్: 1,800
- గ్రాట్యుటీ: ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం, అంటే నెలకు సుమారు 720
- కుటుంబానికి ఆరోగ్య బీమా సొంతంగా తీసుకుంటే: 2,000 అనుకుందాం
- పెట్రోలు, ఫోన్, పనిముట్ల అరుగుదల: 5,000 అనుకుందాం

జీతంతో కలిపితే నెలకు 41,320. ఏడాదికి 4,95,840.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. 365లో ఆదివారాలు 52, పండుగలు, జ్వరాలు, ఇంటి పనులు 25, పని దొరకని రోజులు 50 తీసేస్తే మిగిలేవి 238. అంటే పని ఉన్న ప్రతి రోజూ సుమారు 2,080 రూపాయలు మిగలాలి. అప్పుడే పాత జీతంతో సమానం. గ్యాస్, కాపర్ పైపు, హెల్పర్ కూలి దీనికి అదనం. మీ జీతం, మీ ఖర్చులు పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

తేదీ చూసుకుని మానేయండి

పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే మామూలుగా 5 ఏళ్ల సర్వీసు నిండాలి. నాలుగున్నర ఏళ్లకే మానేస్తే ఆ డబ్బు పోయినట్టే. పీఎఫ్ పెన్షన్ హక్కుకు 10 ఏళ్ల సర్వీసు కావాలి. 5 ఏళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీసేస్తే పన్ను పడే అవకాశం ఉంది. వీటికి కొద్ది నెలల దూరంలో ఉంటే ఆగడమే తెలివి. జీతం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ వైద్యం కూడా ఆగిపోతుంది. ఇంట్లో అమ్మీ, అబ్బా మందులు ఆ కార్డు మీదే నడుస్తుంటే ముందు వేరే దారి చూడాలి. తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి 10 లక్షల వరకు చికిత్స ఉంది. ఎత్తు మీద, కరెంటుతో చేసే పని కాబట్టి ప్రమాద బీమా తప్పదు. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలతో వచ్చే సురక్షా బీమా యోజనలో ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తారు. ఇది మొదటి మెట్టు మాత్రమే.

ఇంట్లో ఆరు నెలల ఖర్చు ఉందా?

అద్దె, ఫీజులు, రేషన్, చీటీ కిస్తీలు కలిపి ఆరు నెలలకు సరిపడా డబ్బు విడిగా ఉండాలి. రంజాన్, బక్రీద్ నెలల్లో ఖర్చు ఎక్కువ, అదీ కలపండి. వ్యాక్యూమ్ పంప్, గేజ్ సెట్, డ్రిల్ మెషిన్ కొనే డబ్బు దీనిలోంచి తీయకూడదు. వడ్డీ అప్పు వద్దనుకునే ఇళ్లలో కష్టకాలంలో ఆదుకునేది ఈ నిల్వే. ఇంటి లోన్ ఆలోచన ఉంటే గుర్తుంచుకోండి: జీతం స్లిప్పులు లేనివారిని బ్యాంకులు సాధారణంగా రెండు, మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి.

పని ఎవరిస్తారు?

"అందరూ నాకు తెలుసు" అంటే సరిపోదు. అపార్ట్‌మెంట్లు, క్లినిక్‌లు, ఆఫీసులతో ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందాలు కాగితం మీద ఉండాలి. చలికాలంలో ఇంటి అద్దె వాటి మీద వెళ్లగలిగితే సగం సిద్ధమైనట్టే. పని మొత్తం ఒకే కస్టమర్ నుంచి వస్తుంటే అది వ్యాపారం కాదు, పీఎఫ్ లేని ఉద్యోగం. పాత కంపెనీయే "రాజీనామా చేసి కాంట్రాక్టుగా రా" అన్నా ఇంతే. డ్యూటీ టైమ్, మేనేజర్ అన్నీ పాతవే ఉండి సౌకర్యాలు మాత్రం పోతుంటే, పైన వేసిన లెక్క ప్రకారం రేటు అడగండి. ఇవ్వనంటే ఒప్పుకోవద్దు.

ఉద్యోగంలో ఉండగా బయట పని చేయకూడదని అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉందేమో, నోటీసు ఎన్ని రోజులో కూడా చదువుకోండి. కంపెనీ కస్టమర్ల నంబర్లు పట్టుకుని పోవడం నమ్మకానికీ, చట్టానికీ మంచిది కాదు.

కాగితాలు, పన్ను

ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం, పని మొదలుపెట్టే ముందే చేసుకోండి. చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఏడాది బిల్లులు 20 లక్షలు దాటితే సేవలకు జీఎస్టీ నమోదు తప్పనిసరి. కంపెనీలు కాంట్రాక్టు బిల్లులో 1 శాతం టీడీఎస్ కోయవచ్చు. రిటర్ను వేస్తే అది లెక్కలోకి వస్తుంది. ఇంటి ఖాతా, పని ఖాతా వేరుగా పెట్టండి.

ఈ ఐదింటికి అవునా?

1. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉందా?
2. కనీసం ముగ్గురు కస్టమర్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నారా?
3. రోజు రేటు మీ లెక్కకు సరిపోతోందా?
4. కుటుంబానికి వైద్యం, మీకు ప్రమాద బీమా ఉన్నాయా?
5. ఇంటావిడతో, పెద్దవాళ్లతో కూర్చుని ఈ అంకెలు చూపించారా?

ఐదూ అవునంటే ధైర్యంగా అడుగు వేయండి. ఒకటి, రెండు కాదంటే అవి సరిచేసుకునే వరకు ఉద్యోగంలోనే ఉండండి. అంతవరకు నెల నెలా కొంత దాచుకుంటూ వెళ్లండి.