ఏ మందు?

పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అమ్మోనియం పర్‌క్లోరేటు, అల్యూమినియం పొడి, రెంటినీ పట్టి ఉంచే ఒక రబ్బరు జిగురు. శ్రీహరికోటలో దీన్ని ప్రొపెల్లెంట్ అంటారు. మన పాత తెలుగుకైతే ఒక్క మాట చాలు: మందు. తుపాకిలో కూరిందీ, చిచ్చుబుడ్డిలో దట్టించిందీ మందే అయినప్పుడు రాకెట్‌లో నింపింది మాత్రం కాకుండా పోతుందా?

1971లో శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగరడానికి ముందే ఆ దీవి అడవిలో యానాదులు ఉండేవాళ్లు. వాళ్ల లెక్కలో మందంటే వేరు, ఆకు, బెరడు. మాటకు మొదటి అర్థం అదే. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు, అన్నీ ఒకే తల్లి పిల్లలు. ఆ ఇళ్లలోనూ వైద్యం, పేలుడు పక్కపక్కనే కాపురం చేస్తాయి. మనం ఇంకాస్త ముందుకెళ్లి పురుగులమందు కలిపాం, కోడలు కొడుక్కి పెట్టిందని అత్త అనుమానించే వశీకరణం మందు కలిపాం. చివరికి సీసానూ చేర్చేశాం.

ఆ చివరిదే నాకు మింగుడు పడదు. జ్వరం పడ్డ పిల్లాణ్ని అమ్మ అడుగుతుంది, "మందు వేసుకున్నావా?" అని. పెళ్లి పందిరి వెనకాల మేనమామ తన స్నేహితుణ్ని అడిగేదీ అదే మాట, కాకపోతే కన్ను గీటుతూ. పదో తరగతి కుర్రాడు రెండూ వింటాడు. కల్లు, సారా, బ్రాందీ అని దేని పేరు దానికుంది. వాటన్నిటికీ మందని ముసుగేశాక నోటికి సిగ్గు పోయింది. పత్రికలవాళ్లు ఇంకో మెట్టెక్కి మందుబాబు అంటున్నారు. తాగి బండి నడిపేవాడు బాబెప్పుడయ్యాడో!

బడి గోడ మీదేమో మాదకద్రవ్యాలు అని రాస్తారు. సంస్కృతంలో మద్ ధాతువు నుంచి వచ్చిన మాట అది. మదం, ఉన్మాదం, చివరికి ప్రమాదం కూడా ఆ ఇంటివే. ప్రమాదమంటే అసలు ఏమరుపాటు. మాట గొప్పదే, కానీ గోడ దాటితే పిల్లల నోట మందుకైనా వినబడదు. గంజాయిని వాళ్లు సరుకంటారు. తడ దగ్గర సరిహద్దు దాటి తమిళంలోకి వెళ్తే సరక్కు అంటే సారాయే.

అసలు చిక్కు పేరే లేని మత్తుతో. ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. పెద్దల్లో కన్నా పిల్లల్లో ఎక్కువగా కనబడిన మత్తు అందులో ఒక్కటే: ముక్కుతో పీల్చేవి. 10–17 ఏళ్లవారిలో 1.17 శాతం, పెద్దల్లో 0.58. వైట్‌నరు, థిన్నరు, జిగురు. ఇవి దొరికేది వైన్‌షాపులో కాదు, నోటుపుస్తకాలు అమ్మే కొట్లో. వీటిని మందనీ అనరు, మాదకద్రవ్యమనీ అనుకోరు.

ఉన్న పేరుతోనే పిలిచి పోరాడినవాళ్లూ ఉన్నారు. నెల్లూరు సీమలో, దూబగుంటలో, 1990ల మొదట్లో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం పేరు సారా వ్యతిరేక ఉద్యమం. అందులో ఎక్కడా మందు లేదు.

చట్టం కూడా వైద్యం మందునూ మత్తు మందునూ విడదీసే మాట్లాడింది. 2015 నాటి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, అర్హుడైన వైద్యుడు చెబితే తప్ప పిల్లలకు మద్యం, పొగాకు, మత్తు పదార్థాలు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అయ్యవార్లూ, పాఠం చెప్పేటప్పుడు వైట్‌నరును వైట్‌నరనండి, గంజాయిని గంజాయనండి. బడి దగ్గర ఎవరైనా అమ్ముతుంటే చెప్పాల్సిన ఆంధ్రప్రదేశ్ పోలీసుల మాదకద్రవ్య నిరోధక విభాగం ఈగల్ ఫోను నంబరు 1972.