ఉరుముకు నడక నేర్పిన డ్రమ్మర్

1969 అక్టోబరు 16న లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో నలుగురు బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు ఒక్క రోజులో తమ తొలి ఆల్బమ్ వాయించేసి, సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. బ్యాండ్ పేరు బ్లాక్ సబ్బాత్. ఆ సంగీతానికి తర్వాత హెవీ మెటల్ అని పేరు స్థిరపడింది. ఆ చరిత్ర చెప్పేవాళ్లు ఓజీ ఆస్బోర్న్ గొంతునీ, ఫ్యాక్టరీ యంత్రం కింద వేలికొసలు పోగొట్టుకున్న టోనీ అయోమీ గిటార్‌నీ తలుచుకుంటారు. డ్రమ్మర్ బిల్ వార్డ్‌కీ, నిర్మాత రోజర్ బెయిన్‌కీ దక్కాల్సిన వాటా దక్కలేదని నా గట్టి నమ్మకం.

వార్డ్ 1948లో బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్‌లో పుట్టాడు. చిన్ననాడు అతని చెవిన పడింది అమెరికన్ బిగ్ బ్యాండ్ జాజ్. జీన్ క్రూపా, బడ్డీ రిచ్, లూయీ బెల్సన్ అతనికి గురుతుల్యులు. జాజ్ డ్రమ్మర్ లెక్క తప్పడు, కానీ గడియారంలా కొట్టడు. దెబ్బను వెంట్రుకవాసి వెనక్కి లాగుతాడు, అవసరమైతే ముందుకు తోస్తాడు. లోహపు హోరు కింద వార్డ్ ఆ ఊగే నడకనే పరిచాడు.

బ్యాండ్ పేరే పెట్టుకున్న మొదటి పాట వినండి. గిటార్ పలికేవి ప్రధానంగా మూడు స్వరాలు. మన లెక్కలో షడ్జం, పై షడ్జం, ఆ వెంటనే ప్రతి మధ్యమం. ఆ స్వరాల మధ్య బోలెడంత ఖాళీ. మరొకరైతే అక్కడ తాళం వేస్తూ కూర్చునేవారు. వార్డ్ మాత్రం టామ్ డ్రమ్ముల మీద చేతులు దొర్లిస్తూ, గిటార్‌కి జవాబు చెబుతూ పోయాడు. ఆ పాటలోని భయంలో సగం ఆ జవాబులదే.

బెయిన్ చేసిన గొప్ప పని, ఈ నడకను సరిచేయబోకపోవడం. క్లబ్బుల్లో వాయించినట్టే అందరినీ కలిపి వాయించమన్నాడు. ఆల్బమ్ మొదట్లో వినిపించే వాన, ఉరుము, చర్చి గంట తర్వాత చేర్చినవి. 1970లో రెండో ఆల్బమ్‌కి ఒక పాట తక్కువైతే అప్పటికప్పుడు కట్టిందే ‘పారనాయిడ్’. ఆల్బమ్‌కీ ఆ పేరే పెట్టారు, బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి చేరింది. మూడు ఆల్బమ్‌ల తర్వాత బెయిన్ సబ్బాత్‌తో లేడు. 1974లో జూడాస్ ప్రీస్ట్ అనే మరో బ్యాండ్ తొలి ఆల్బమ్‌కీ ఆయనే నిర్మాత. హెవీ మెటల్ పునాదిరాళ్లలో ఇన్ని వేసిన మనిషి పేరు అభిమానుల్లోనే చాలామందికి తెలియదు.

వార్డ్‌ని మద్యం కుంగదీసింది. 1980లో పర్యటన మధ్యలోనే బ్యాండ్ విడిచి వెళ్లాడు. తర్వాత మద్యం మానేశాడు, మళ్లీ కలిశాడు, 2012లో ఒప్పందం కుదరక మళ్లీ దూరమయ్యాడు. 2025 జులై 5న, పుట్టిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో 77 ఏళ్ల వయసులో పాత మిత్రుల వెనక కూర్చుని వాయించాడు. ఆ నలుగురూ కలిసిన ఆఖరి కచేరీ అది. 17 రోజులకు ఓజీ కన్నుమూశాడు.

ఈ ఆదివారం వీలు చూసుకుని సబ్బాత్ పాట ‘వార్ పిగ్స్’ పెట్టుకోండి. గిటార్ రెండు దెబ్బలు వేసి ఆగిపోయిన చోట, ఓజీ పాడుతుంటే వెనక వార్డ్ హై-హ్యాట్ తాళాల జత ఒక్కటే టిక్కుటిక్కుమంటూ నడుస్తుంది. చెవి అక్కడ పెట్టి వినండి.