మృతికళ

15వ శతాబ్ది యారంభమున నైరోపాఖండమున లాటిను భాషలో ‘ఆర్స్ మోరియెండి’ యను చిన్న గ్రంథ మొకటి వెలసినది. మరణించు కళ యని దాని యర్థము. మరణమునకుఁ గళ యెట్లు కలుగునని కొందఱు శంకింపవచ్చును. కర్తకు స్వాతంత్ర్యము గలచోటనే కళ కవకాశము. మన ధాతుపాఠమున మృఙ్ ధాతువునకుఁ బ్రాణత్యాగ మర్థముగాఁ జెప్పఁబడినది. త్యాగ మనఁగాఁ ద్యజించువాఁడు కర్త యగును. దానికి సజాతీయమగు లాటిను క్రియయు రూపమునఁ గర్మణివలె నుండి యర్థమునఁ గర్తరియే. ఆ గ్రంథకర్త వ్యాకరణము నాశ్రయింపలేదు. అయినను మరణశయ్యపై నున్నవాఁడు చేయవలసిన పని యొకటి గలదనుటయే యాతని సిద్ధాంతము.

దీని వెనుక మహామారి యున్నది. నాఁటి క్రైస్తవధర్మము ననుసరించి చనిపోవువాఁడు గురువు నెదుటఁ బాపముల నొప్పుకొని, దివ్యసత్ప్రసాదమును, అవస్థాభ్యంగనమును బొందవలెను. వైద్యుఁడు చికిత్సకు ముందే యాత్మవైద్యుని బిలిపింపవలెనని 1215లో లాటరన్ మహాసభ శాసించియుండెను. 1347 మొదలు 1351 వఱకు వ్యాపించిన ప్లేగులో నా గురువులే రోగులతోఁ గూడ మడిసిరి. మన పరీక్షిత్తునకు నేడు దినముల గడువు తెలిసియుండెను, శుకుఁడును లభించెను. ప్లేగు రోగికి రెండును లేవు.

పారిసు విశ్వవిద్యాలయపు ఛాన్సలరు జెర్సన్ వ్రాసిన చిన్న కృతి యాధారముగా, కాన్‌స్టన్సు మహాసభ (1414–1418) నాఁటి ప్రాంతమున నజ్ఞాతకర్తృకమగు నాఱధ్యాయముల గ్రంథము పుట్టినది. 1450 ప్రాంతమున దానిని సంక్షేపించి, కొయ్యపలకలపైఁ జెక్కిన పదునొకండు చిత్రములతో నచ్చొత్తిరి. రోగి మంచముపై నుండును. అవిశ్వాసము, నిరాశ, అసహనము, ఆత్మశ్లాఘ, లోభము నను నైదు శోధనలతోఁ బిశాచములు చుట్టుముట్టును. ప్రతి శోధనకును వెంటనే దేవదూత ధైర్యవచనము. నిరాశ చిత్రమునఁ బిశాచములు రోగి పాపముల పట్టికను జూపును. బదులు చిత్రమునఁ గ్రీస్తు నెఱుఁగనన్న పేతురు, మగ్దలేనా మరియ, సిలువపై దొంగ, గుఱ్ఱముపైనుండి పడిన సౌలు నిలువఁబడియుందురు, క్షమింపఁబడినవారే సాక్షులు. అసహనమున రోగి పరిచారకుని గాలఁ దన్నును, బల్ల తలక్రిందగును. ఆత్మశ్లాఘలోఁ బిశాచములు కిరీటములు తెచ్చును: ఇన్ని శోధనలు గెలిచితివి గదా యని. పండితు లీచిత్రము నొకసారి చూడవలెను. కడపటి చిత్రమున నాత్మ చిన్న శిశువై వెడలఁగా దేవదూత లందుకొందురు.

దీర్ఘపాఠమున నాకు మిక్కిలి విలువగలదిగాఁ దోఁచునది మిత్రుని ప్రసంగము. ప్రక్కనుండు స్నేహితుఁడు కొన్ని ప్రశ్న లడుగవలెను: విశ్వాసముతోఁ జనిపోవుచున్నావా, పాపములకు వగచుచున్నావా, శత్రువులను క్షమించితివా యని. బ్రదుకుదు వన్న యాశను మితిమీఱి కల్పింపరాదు. ఇట్టి మిత్రులు మిక్కిలి యరుదని గ్రంథకర్తయే వగచినాఁడు. అడుగువారు లేనిచో రోగి తన్నుఁ దానే యడిగికొనవలెనట.

1519లో లూథరు, మరణము దూరముగ నున్నప్పుడే దానిఁ దలఁచుకొనుఁడని ప్రసంగించెను. 1534లో నెరాస్మసు జీవితమంతయు మరణాభ్యాసమే యనెను. ఇంగ్లండున జెరెమీ టేలరు 1651 నాఁటి ‘హోలీ డయింగు’ గ్రంథమున మరణశయ్యపై మాత్రమే పశ్చాత్తాపపడువారిని గట్టిగా ఖండించెను. వీరు పూర్వగ్రంథపు లోపమును దిద్దిరని కొంద ఱందురు. అది సంపూర్ణసత్యము గాదు. ఆరోగ్యముగా నున్నప్పుడే యీ కళ నభ్యసింపవలెనని పూర్వగ్రంథమును జెప్పినది. మాఱినది వేఱొకటి. పూర్వుఁడు స్నేహితున కప్పగించిన రోగిపరామర్శను టేలరు తన కడపటి యధ్యాయమున మఱల గురువుల చేతికిచ్చెను.

టేలరు వేల్సు దేశమునఁ గార్బరీ ప్రభువు నాశ్రయించి యుండి, యా ప్రభుపత్ని కొఱకీ గ్రంథమును సంకల్పించెను. అది ముగియకముందే 1650లో నామె గతించినది. కొంతకాలమునకే టేలరు భార్యయుఁ జనిపోయినది. తానును బ్రభువును నాప్తుల మరణశోకము నిటీవలనే యనుభవించితిమని యంకితపత్రికలో నాతఁడు వ్రాసికొనెను.