వేషం, చీలిక, పేరు: సురభి నాటక సమాజాల విస్తరణపై ఒక పరిశీలన

తెలుగు నాటకరంగ చరిత్రలో ‘చీలిక’ అన్న మాటను పతనానికి పర్యాయంగా వాడటం పరిపాటి. ఒక సమాజం రెండైందంటే అక్కడ కలహమో, అప్పో, అహమో ఉండి ఉంటుందని పాఠకుడు ముందే నిర్ణయించుకుంటాడు. కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సంప్రదాయానికి ఈ కొలత సరిపోదు.

1885లో ఆ గ్రామంలో వనారస గోవిందరావు నాయకత్వాన ‘కీచక వధ’ ప్రదర్శితమైంది. ప్రదర్శించిన కుటుంబాలు మరాఠీ మూలాలు గల తోలుబొమ్మలాట కళాకారులవి. అంతవరకు వారు తెర వెనుకనే ఉన్నారు. ప్రేక్షకుడు చూసినది దీపపు వెలుగులో కదిలే తోలు ముఖాన్ని. ఆడించిన మనిషి ముఖం అతనికి తెలియదు. ఆ రాత్రి తోలు తొలగి, దాని స్థానంలోకి రంగు పూసిన మానవ ముఖం వచ్చింది. ఎన్నుకున్న కథ కూడా ఆలోచింపజేసేదే. విరాటుని కొలువులో ద్రౌపది సైరంధ్రి, భీముడు వలలుడు. సొంత పేరును దాచుకొని మారువేషంలో బతికేవారి కథతో, తరతరాలుగా ముఖం దాచుకున్నవారు వెలుగులోకి వచ్చారు. ఇది కాకతాళీయమే కావచ్చు.

సురభి స్త్రీలు తొలినాళ్ల నుండే రంగస్థలమెక్కడానికి కారణం కూడా బొమ్మలాటలోనే వెతకాలి. తెర వెనుక స్త్రీ పాత్రలకు గొంతునిచ్చినది ఆ ఇంటి స్త్రీలే. గొంతు ఉన్న చోటికి దేహం రావడం వారికి వింత కాలేదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని బళ్ళారి రాఘవ వాదించి పట్టుబట్టినది ఆ తరువాతి దశాబ్దాల్లోనన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది.

సంతానం పెరిగింది. ఒకే డేరా కింద అందరికీ పాత్రలూ, అందరికీ కూడూ కుదరవు. వనారస, రేకందార్, సింధే, ఆవేటి వంటి కుటుంబాలు వియ్యమందుకుంటూ, వేరుపడుతూ కొత్త సమాజాలను కట్టుకున్నాయి. 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఈ శాఖల్లో ఒకటి. వేరుపడినవారు తెరలనూ, కిరీటాలనూ కొత్తగా సమకూర్చుకున్నారు కాని పేరును మార్చుకోలేదు. ఒక ఊరి పేరు అందరికీ ఇంటిపేరు వంటిదైంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్ర ధరించిన కమలాబాయిని చరిత్ర సురభి కమలాబాయిగానే ఎరుగును.

ఈ ప్రత్యేకత ఒక దూరపు పోలికతో మరింత తేటపడుతుంది. న్యూయార్క్‌లో ‘వికెడ్ లెస్టర్’ అనే రాక్ బృందం విచ్ఛిన్నమైన పిమ్మట దాని సభ్యులైన పాల్ స్టాన్లీ, జీన్ సిమన్స్ 1973లో ‘కిస్’ను స్థాపించారు. కొత్త బృందానికి పాత పేరు పనికిరాలేదు. నలుగురూ ముఖాలకు రంగు పూసుకొని నాలుగు కల్పిత పాత్రలయ్యారు. 1983లో రంగు తుడిచి టెలివిజన్‌లో కనిపించారు. 1996లో తిరిగి పూసుకున్నారు. తరువాతి కాలంలో ఏస్ ఫ్రేలీ వేషాన్ని టామీ థేయర్, పీటర్ క్రిస్ వేషాన్ని ఎరిక్ సింగర్ ధరించారు. మనిషి వెళ్లినా ముఖం మిగిలింది. అయితే అక్కడ ఆ ముఖం వ్యాపార సంస్థ ఆస్తి. సురభిలో తండ్రి వేసిన వేషాన్ని కొడుకు వేస్తే అది వారసత్వం. వేరే డేరాలో మేనల్లుడు అదే వేషం వేసినా ఎవరి హక్కూ భంగపడదు. అన్ని శాఖలకూ మాయాబజార్ ఉంటుంది.

కనుక ఒకప్పుడు ముప్పైకి మించిన సమాజాలు నేడు వేళ్లమీద లెక్కించేన్ని మిగలడాన్ని చీలికల ఫలితమనడం కార్యకారణాలను తారుమారు చేయడమే. చీలిక ఆగినప్పుడే సంఖ్య తగ్గింది. సినిమా ప్రేక్షకుణ్ణి తీసుకుపోయాక కొత్త డేరా వేయగల స్తోమత ఏ ఇంటికీ లేకపోయింది; వేరుపడవలసిన పిల్లలు రంగస్థలాన్నే విడిచి ఇతర వృత్తుల్లోకి వెళ్లారు. వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ లభించింది. ప్రేక్షకులకు ఆయన సురభి బాబ్జీ.